మార్ఫిన్ చీటీ రాయకముందే డాక్టరుకు తెలియాల్సినవి

చిత్తూరు జిల్లాలో ఏళ్ల తరబడి జబ్బుతో ఉన్న మనిషి వైద్యం కాగితాలన్నీ ఒక్కచోట దొరకడం అరుదు. గుండె ఆపరేషన్ ఫైలు రాయవేలూరుది. షుగరు, బీపీ మాత్రలు తిరుపతి డాక్టరు రాసినవి. కాళ్ల తిమ్మిర్లకు వేసుకునే క్యాప్సూల్ ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చింది. నిద్ర పట్టడం లేదంటే మందుల షాపులో ఇచ్చిన చిన్న మాత్ర ఒకటుంటుంది, దానికి అసలు చీటీయే ఉండదు. ఒకపక్క రాయవేలూరు (వేలూరు)లో సీఎంసీ, మరోపక్క తిరుపతిలో స్విమ్స్, రుయా, టాటా క్యాన్సర్ ఆసుపత్రి అందుబాటులో ఉండటం ఈ ప్రాంతం అదృష్టమే. దాంతోపాటు వచ్చిన చిక్కు ఏమిటంటే, రోగి వేసుకునే మందుల పూర్తి లెక్క ఏ ఒక్క డాక్టరు దగ్గరా ఉండదు.

జ్వరం మాత్ర రాయడానికి ఆ లెక్క లేకపోయినా నడిచిపోతుంది. మార్ఫిన్, ఫెంటానిల్, మెథడోన్, ఆక్సికోడోన్ లాంటి గట్టి నొప్పి మందుల దగ్గరికి వచ్చేసరికి నడవదు. ఇదే మార్ఫిన్ ఒకరికి నెలల తరబడి నిశ్చింతగా నిద్ర పట్టిస్తుంది, ఇంకొకరిని మూడో రోజుకే మగతలో పడేస్తుంది. తేడా చాలాసార్లు మాత్రలో ఉండదు. డాక్టరు అడగని ప్రశ్నలోనో, ఇంట్లోవాళ్లు చెప్పని జవాబులోనో ఉంటుంది.

ఈ మందులన్నిటినీ కలిపి ఓపియాయిడ్లు అంటారు. పెద్దవాళ్లు నల్లమందు అనేవారే, దాని వంశమిది. గసగసాల కాయ మీద గాటు పెడితే కారే పాలలో మార్ఫిన్, కోడీన్ ఉంటాయి. ఫెంటానిల్, మెథడోన్, ట్రమడాల్ మాత్రం పూర్తిగా ఫ్యాక్టరీలో తయారయ్యేవి. ఎక్కడ పుట్టినా పనిచేసే తీరు ఒక్కటే. మెదడులో, వెన్నుపాములో కొన్ని గ్రాహకాలకు (రిసెప్టర్లకు) అతుక్కుని నొప్పి కబురు పైకి వెళ్లకుండా అడ్డుకుంటాయి. అవే గ్రాహకాలు ఊపిరిని నడిపే మెదడు భాగంలోనూ ఉన్నాయి, పేగుల్లోనూ ఉన్నాయి. నొప్పి తగ్గించే మందే ఊపిరిని నెమ్మదింపజేయడం, విరేచనం బిగపట్టడం అందుకే. జాగ్రత్తలన్నీ దాదాపుగా ఈ ఒక్క సంగతి నుంచే పుట్టుకొస్తాయి.

అనవసరమైన భయం, అనవసరమైన ధైర్యం

క్యాన్సర్ రోగి ఇంట్లో మార్ఫిన్ పేరు వినగానే ముఖాలు వాడిపోతాయి. అది మొదలుపెట్టారంటే ఇక రోజులు లెక్కపెట్టుకోవడమేనని చుట్టాలు గుసగుసలాడతారు. అది నిజం కాదు. క్యాన్సర్ నొప్పికి మెట్టుమెట్టుగా మందు పెంచే పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే ప్రకటించింది. గట్టి నొప్పికి మార్ఫిన్ అందులో పై మెట్టు. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, నొప్పిని బట్టి పెంచుకుంటూ పోతే అది ప్రాణాన్ని ముందుగా తీసుకుపోదు. కొందరు ఆ మందు మీద నెలలు, ఏళ్లు కూడా ఇంట్లో తిరుగుతూ ఉంటారు. భయపడి దాన్ని ఆపేసినందువల్ల రోగి రాత్రంతా పక్క మీద మెలికలు తిరగడం తప్ప దక్కేదేమీ లేదు.

మార్ఫిన్‌కు ఇంత భయపడేవాళ్లే నడుం నొప్పికి ట్రమడాల్ మాత్రను చాక్లెట్‌లా చప్పరించేస్తారు. పారాసిటమాల్‌తో కలిపి ఉండే మాత్రల్లో పేరు చిన్న అక్షరాల్లో ఉంటుంది కాబట్టి అదీ ఓపియాయిడేనని చాలామందికి తెలియదు. ట్రమడాల్‌ను కేంద్రం 2018లో మత్తుమందులను అదుపు చేసే ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి తెచ్చింది. టెపెంటడాల్ కూడా ఈ కుటుంబంలోదే. మార్ఫిన్ మొదలుపెట్టే రోజున ఈ మాత్రలేవైనా ఇప్పటికే నడుస్తున్నాయా అన్నది డాక్టరుకు మొట్టమొదట తెలియాలి. అంతకుముందు ఓపియాయిడ్ ఎరగని ఒంటికి ఇచ్చే మోతాదు వేరు, అలవాటుపడిన ఒంటికి ఇచ్చేది వేరు.

అసలు ఈ నొప్పికి ఈ మందేనా అన్నది ఇంకా ముందు తేలాల్సిన విషయం. సలుపు వేరు, పోటు వేరు, మంట వేరు, సూదులు గుచ్చినట్టు ఉండటం వేరు, కరెంటు కొట్టినట్టు జివ్వుమనడం వేరు. మన భాషలో ఇన్ని మాటలు ఉండి కూడా డాక్టరు ముందు కూర్చోగానే 'బాగా నొప్పి సార్' అని ఒక్క ముక్కతో సరిపెట్టేస్తాం. మంట, జివ్వుమనడం, తిమ్మిరి ఎక్కువగా నరాల నొప్పికి గుర్తులు. దానికి మొదట వాడే మందులు వేరే ఉన్నాయి, మార్ఫిన్ ఒక్కటే ఇస్తే అంతగా లొంగదు. క్యాన్సర్ ఎముకకు పాకినచోట రేడియేషన్ నొప్పిని బాగా తగ్గించగలదు. ఇక ఏళ్లనాటి మోకాళ్ల అరుగుదల, నడుం నొప్పి విషయంలో 2018లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధన గట్టిగానే తేల్చింది. 240 మందిని ఏడాదిపాటు గమనిస్తే, ఓపియాయిడ్లు వేసుకున్నవారు మామూలు నొప్పి మాత్రలవారి కన్నా మెరుగ్గా ఏమీ లేరు, దుష్ప్రభావాలు మాత్రం ఎక్కువ పడ్డారు. అరిగిన మోకాళ్లతో అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కుతానని మొక్కుకున్నవాళ్లు ముందు ఒక ట్రమడాల్ వేసుకుందామనుకుంటే, అది మోకాలికి చేసే మేలు కన్నా మెట్ల మీద తెచ్చే కళ్లు తిరగడమే ఎక్కువ కావచ్చు.

గురక, గ్లాసు, నిద్రమాత్ర

ఓపియాయిడ్‌తో ప్రాణం మీదికి వచ్చేది ఊపిరి దగ్గర. కాబట్టి డాక్టరుకు చెప్పాల్సినవాటిలో ఊపిరికి సంబంధించినవి ముందుండాలి. ఆస్తమా, బీడీలతోనో కట్టెల పొయ్యి పొగతోనో పాడైన ఊపిరితిత్తులు, ఇవి ఎలాగూ చెబుతారు. చెప్పనిది గురక. గురక జబ్బేమిటని నవ్వేస్తారు. పెద్దగా గురక పెడుతూ మధ్యలో కొన్ని క్షణాలు ఊపిరి ఆగిపోయి, ఉలిక్కిపడినట్టు మళ్లీ తీసుకుంటుంటే అది స్లీప్ ఆప్నియా కావచ్చు. అలాంటివారికి రాత్రిపూట గట్టి ఓపియాయిడ్ పడితే, ఆగిన ఊపిరి మళ్లీ అందుకోవడం కష్టమవుతుంది. పడుకున్న మనిషికి తన గురక సంగతి తెలియదు, పక్కన పడుకునేవాళ్లే చెప్పాలి. ఆసుపత్రికి కొడుకు తోడుగా వస్తే ఆ సాక్ష్యం ఇంట్లోనే ఉండిపోతుంది.

తర్వాతిది నిద్రమాత్ర. అల్ప్రజోలమ్, క్లోనజిపామ్, డయజిపామ్ లాంటివి ఓపియాయిడ్‌తో కలిస్తే ఒకటి ఊపిరిని నెమ్మదింపజేస్తుంది, రెండోది మెలకువ రాకుండా జోకొడుతుంది. ఈ జోడీ మీద అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2016లో తన అత్యంత తీవ్రమైన హెచ్చరిక వేయించింది. షుగరువాళ్లు కాళ్ల మంటలకు వాడే ప్రీగాబలిన్, గాబాపెంటిన్ మీద కూడా 2019 చివర్లో అదే సంస్థ ఊపిరి విషయంగా హెచ్చరించింది, ముఖ్యంగా వయసు మీదపడినవారికి, ఊపిరితిత్తుల జబ్బులున్నవారికి. కలిపి వాడనే కూడదని కాదు. నరాల నొప్పి ఉన్న క్యాన్సర్ రోగికి డాక్టర్లే రెండూ రాస్తారు, కానీ తెలిసి, మోతాదులు తగ్గించి రాస్తారు. తెలియకుండా కలవడమే ముప్పు. జలుబుకు, దురదకు వేసుకునే పాతకాలం అలర్జీ మాత్రలూ, దగ్గు సిరప్‌లూ మగతను ఇంకొంచెం పెంచుతాయి. వాటిని ఎవరూ మందుల లెక్కలో వేయరు.

మద్యం సంగతి ఇంకా మొహమాటంతో కూడుకున్నది. భార్య, కోడలు పక్కన ఉండగా రోజూ సాయంత్రం వేసే క్వార్టర్ గురించి ఏ పెద్దమనిషీ చెప్పడు. డాక్టరు అడిగినా 'ఎప్పుడన్నా పండగలకు' అనేస్తాడు. మద్యం, ఓపియాయిడ్ కలిసినప్పుడు ఊపిరి మీద పడే దెబ్బ విడివిడిగా ఏ ఒక్కదానికన్నా చాలా ఎక్కువ. కొన్ని రకాల నెమ్మదిగా కరిగే మాత్రల్లో మద్యం తగిలితే పన్నెండు గంటలకు సరిపడా మందు ఒక్కసారే బయటపడే ప్రమాదమూ ఉంది. ఈ ఒక్క ప్రశ్న కోసమైనా రెండు నిమిషాలు రోగితో ఒంటరిగా మాట్లాడటం మంచి పద్ధతి. డాక్టరుకు తోచకపోతే రోగే అడగొచ్చు. గతంలో మద్యానికో, మత్తుకో అలవాటుపడిన చరిత్ర ఉంటే అదీ చెప్పాలి. చెబితే మందు ఇవ్వరేమోనని దాచుకుంటారు. సాధారణంగా జరిగేది అది కాదు. ఒకేసారి నెలకు సరిపడా ఇవ్వకుండా వారానికోసారి ఇస్తారు, మాత్రలు ఇంట్లో ఇంకొకరి చేతిలో పెడతారు.

ఇంట్లోవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన లక్షణాలు కొన్నున్నాయి. తట్టి లేపినా సరిగ్గా లేవకపోవడం, ఊపిరి నిమిషానికి ఎనిమిది, పదిసార్ల కన్నా తగ్గడం, గొంతులో గురగుర, కంటిపాపలు సూదిమొనంత చిన్నవైపోవడం, పెదవులు నీలిరంగుకు తిరగడం. ఇవి కనిపిస్తే నిద్రపోనిద్దాంలే అనుకోకుండా 108కి ఫోన్ చేయాలి. ఆసుపత్రిలో ఓపియాయిడ్‌కు విరుగుడైన నాలాక్సోన్ ఇంజెక్షన్ ఇస్తే మనిషి నిమిషాల్లో లేచి కూర్చుంటాడు. అప్పుడే ఇంటికి తీసుకొచ్చేయకూడదు. నాలాక్సోన్ ప్రభావం గంట, గంటన్నరలోపే తగ్గిపోతుంది, నెమ్మదిగా కరిగే మాత్రో, ఒంటికి అతికించిన ప్యాచో అయితే మందు ఇంకా ఒంట్లోకి దిగుతూనే ఉంటుంది.

క్రియాటినిన్ ఎంత?

మన ప్రాంతంలో షుగరు లేని ఇల్లు వెతుక్కోవాలి. షుగరు ముదిరినచోట కిడ్నీ కూడా చాలాసార్లు ఎంతో కొంత దెబ్బతిని ఉంటుంది. మార్ఫిన్‌ను కాలేయం మార్చి పంపిస్తే, ఆ మారిన పదార్థాలను కిడ్నీలు బయటకు తోయాలి. కిడ్నీ బలహీనంగా ఉంటే అవి ఒంట్లోనే పోగవుతాయి. వాటిలో ఒకటి మార్ఫిన్ లాగే మత్తునిస్తుంది, ఇంకొకటి కండరాలు ఉలిక్కిపడేలా చేస్తుంది. మొదటిరోజు అంతా బాగుండి, రెండుమూడు రోజులకు మగత, పొంతనలేని మాటలు, చేతులు కాళ్లు అదరడం మొదలయ్యేది ఇందువల్లే. ఇంట్లోవాళ్లు జబ్బు ముదిరిందనుకుంటారు. కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష, అంటే ఇటీవలి క్రియాటినిన్ రిపోర్టు చూపిస్తే డాక్టరు మోతాదు తగ్గిస్తారు, మాత్రకూ మాత్రకూ మధ్య ఎడం పెంచుతారు, లేదా ఫెంటానిల్, బుప్రెనార్ఫిన్ లాంటి వేరే మందుకు మారుస్తారు. డయాలసిస్ మీద ఉన్నవారి విషయంలో ఇది మరీ ముఖ్యం. లివర్ పాడైనవారికీ తక్కువ మోతాదుతో మొదలుపెట్టాలి. కామెర్లకు నాటు మందు వాడి ఉంటే దాచకుండా చెప్పాలి.

వేరే జబ్బులకు నడుస్తున్న మందులూ లెక్కలోకి వస్తాయి. టీబీకి వాడే రిఫాంపిసిన్ ఆక్సికోడోన్, మెథడోన్ లాంటి వాటిని ఒంట్లో వేగంగా కరిగించేస్తుంది, నొప్పి తగ్గదు. అది చూసి మోతాదు పెంచుతారు. టీబీ కోర్సు అయిపోయి రిఫాంపిసిన్ ఆపాక, పెంచిన మోతాదే ఎక్కువైపోతుంది. ఫంగస్‌కు ఇచ్చే ఇట్రాకొనజోల్, క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ దీనికి తిరగబడి పనిచేస్తాయి, అవి ఫెంటానిల్‌ను ఒంట్లో నిలవ ఉంచుతాయి. మెథడోన్ గుండె లయను చెదరగొట్టవచ్చు కాబట్టి ముందు ఈసీజీ చూస్తారు. ఫిట్స్ ఉన్నవారికి ట్రమడాల్ మంచిది కాదు. డిప్రెషన్ మందులు వాడుతున్నవారు ట్రమడాల్ వేసుకునేముందు తప్పకుండా చెప్పాలి, ఆ రెండూ కలిసి కొందరిలో విపరీతమైన చెమటలు, వణుకు, జ్వరం తెస్తాయి. ఇటీవల తలకు దెబ్బ తగిలిందా, పేగు మెలికపడిందని గతంలో ఎవరైనా అన్నారా, ప్రొస్టేట్ వల్ల మూత్రం ఆగుతోందా, గర్భం ఉందా, బిడ్డకు పాలిస్తున్నారా, ఇవన్నీ ఒక్కో మాటలో తేలిపోయే ప్రశ్నలే అయినా మందును మార్చేసేంత బరువైనవి. కోడీన్ విషయంలో పాలిచ్చే తల్లులకు, పన్నెండేళ్లలోపు పిల్లలకు ఇవ్వకపోవడమే మంచిదని ఇప్పుడు గట్టిగా చెబుతున్నారు. కొందరి ఒంట్లో అది మరీ వేగంగా మార్ఫిన్‌గా మారిపోతుంది, అలాంటివారెవరో ముందుగా చూసి చెప్పలేం.

ఇంత పెద్ద జాబితా నోటితో చెప్పడం ఎవరివల్లా కాదు. అన్నిటికన్నా తేలికైన దారి, ఇంట్లో ఆ మనిషి వేసుకునే ప్రతి మాత్ర, సిరప్, చూర్ణం, కషాయం ఒకే సంచిలో వేసుకెళ్లి డాక్టరు బల్ల మీద పరచడం. వేలూరు ఫైలు, తిరుపతి ఫైలు, షాపులో కొన్న స్ట్రిప్పు, అన్నీ. డాక్టరు విసుక్కుంటే విసుక్కోనీ.

మాత్ర నూరడం, ప్యాచ్‌కు ఎండ తగలడం

మింగలేని ముసలివాళ్లకు మాత్ర నూరి తేనెలోనో, అరటిపండులోనో కలిపి పెట్టడం మన ఇళ్లలో ప్రేమతో చేసే పని. మార్ఫిన్ దగ్గర అదే ప్రాణం తీయగలదు. మార్ఫిన్ మాత్రలు రెండు రకాలు. ఒకటి వెంటనే పనిచేసి నాలుగు గంటలు ఉండేది. రెండోది ఎస్‌ఆర్ అని రాసి ఉండే, పన్నెండు గంటలపాటు నెమ్మదిగా కరిగేది. రెండోదాన్ని నూరినా, విరిచినా, నమిలినా పూట మొత్తానికి పెట్టిన మందు ఒక్కసారే ఒంట్లోకి దిగుతుంది. నోటి క్యాన్సర్‌తో ముక్కులో పైపు ఉన్నవారి విషయంలో ఈ పొరపాటు జరిగే అవకాశం ఇంకా ఎక్కువ, పైపులో పోయాలంటే పొడి చేయాల్సిందే కదా. పైపు ఉందని తెలిస్తే డాక్టరు మొదటి రకమే రాస్తారు. మధ్యలో పైపు వేసినా, మింగడం కష్టమైనా మళ్లీ అడగాలి.

ఫెంటానిల్ ప్యాచ్ చూడటానికి నడుం నొప్పికి అతికించుకునే పట్టీలా అమాయకంగా ఉంటుంది. మార్ఫిన్‌తో పోలిస్తే ఫెంటానిల్ దాదాపు వంద రెట్లు శక్తివంతమైనది, మోతాదు మైక్రోగ్రాముల్లో చెబుతారు. అప్పటికే ఓపియాయిడ్‌కు అలవాటుపడినవారికి మాత్రమే ఇది వేస్తారు. రోజుకు 60 మిల్లీగ్రాముల మార్ఫిన్ మాత్రలు కనీసం వారంపాటు తీసుకున్నవారని దానికో కొలత. ఆపరేషన్ నొప్పికో, నిన్న మొన్న మొదలైన నొప్పికో ప్యాచ్ వేయకూడదు. వేశాక పూర్తిగా పట్టుకోవడానికి 12 నుంచి 24 గంటలు పడుతుంది, ఈలోగా తగ్గలేదని రెండోది అతికించకూడదు. ఒక ప్యాచ్ మూడురోజులు ఉంటుంది.

ప్యాచ్‌కు వేడి పడదు. చర్మం వేడెక్కితే మందు ఎక్కువగా లోపలికి వెళ్తుంది. రోహిణి కార్తెలో తిరుపతి ఎండ ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. రేకుల ఇంట్లో, కరెంటు పోయిన మధ్యాహ్నం, జ్వరంతో పడుకున్న రోగికి ఒంటి మీద ప్యాచ్ ఉంటే ఆ పూట మనిషిని కనిపెట్టుకుని ఉండాలి. దాని మీద వేడినీళ్ల బ్యాగు పెట్టడం, కాపడం పెట్టడం అసలు చేయకూడదు. విదేశాల్లో రాసిన కరపత్రాల్లో హీటింగ్ ప్యాడ్, ఆవిరి స్నానం అని ఉంటుంది. మన ఊరికి ఆ జాబితాలో మొదట రాయాల్సింది మే నెల.

మలబద్ధకం గురించి మాట్లాడటానికి సిగ్గుపడతారు కానీ, ఈ మందు మానేయడానికి చాలామందికి అదే కారణం. వాంతి వచ్చేలా ఉండటం, మొదటి మగత కొన్నిరోజుల్లో సర్దుకుంటాయి. మలబద్ధకం సర్దుకోదు, మందు ఉన్నన్నాళ్లూ ఉంటుంది. కాబట్టి మార్ఫిన్ చీటీలోనే విరేచనం మందు కూడా ఉందో లేదో చూసుకోవాలి, లేకపోతే అడగాలి. పేగును కదిలించే సెన్నా, బిసకోడిల్ లాంటివి ఇక్కడ బాగా పనిచేస్తాయి. సెన్నా అంటే మన పచారీ కొట్లో దొరికే సునాముఖే. అయినా కొలత తెలియని ఆకు కషాయం కన్నా మాత్ర నయం. నీళ్లు సరిగ్గా తాగని రోగికి ఇసబ్‌గోల్ ఇస్తే కదలని పేగులో అది గడ్డకట్టి కొత్త తంటా తెస్తుంది. కడుపు ఉబ్బి, వాంతులవుతూ, గాలి కూడా పోకపోతే విరేచనం మందు మీద మందు వేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

ఆగిపోతే?

కొన్ని వారాలు వాడాక ఒళ్లు ఈ మందుకు అలవాటుపడుతుంది. ఒక్కసారిగా ఆపితే ఒళ్లు నొప్పులు, ముక్కు కారడం, విరేచనాలు, నిద్ర పట్టకపోవడం, విపరీతమైన ఆందోళన వస్తాయి. ఇది వ్యసనం కాదు. నొప్పి లేకపోయినా మందు కోసం వెంపర్లాడటం, హాని జరుగుతోందని తెలిసీ ఆగలేకపోవడం వ్యసనం. ఈ రెండిటి తేడా తెలియక, నాన్న మత్తుకు బానిసైపోయాడని ఇంట్లోవాళ్లే మాత్రలు దాచేసి మనిషికి నరకం చూపిస్తారు. అవసరం తీరాక డాక్టరు కొద్దికొద్దిగా తగ్గిస్తూ ఆపుతారు.

మందు చేతిలో ఉండగానే తర్వాతి విడత ఎక్కడ దొరుకుతుందో తెలుసుకోవడం అందుకే ముందుజాగ్రత్తల్లో ఒకటి. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం నిబంధనలకు భయపడి చాలా ఆసుపత్రులు కూడా మార్ఫిన్ నిల్వ పెట్టడం మానేశాయి. 2014లో చట్టాన్ని సవరించి మార్ఫిన్, ఫెంటానిల్, మెథడోన్, ఆక్సికోడోన్, కోడీన్, హైడ్రోకోడోన్ అనే ఆరింటిని అత్యావశ్యక మత్తుమందులుగా గుర్తించి, అనుమతి పొందిన వైద్య సంస్థల ద్వారా ఇచ్చే దారి తెరిచారు. అంటే వేలూరులో రాసిన చీటీ పట్టుకుని పుంగనూరులోనో, పలమనేరులోనో వీధి చివరి షాపుకు వెళ్తే మార్ఫిన్ దొరకకపోవచ్చు. సంక్రాంతి సెలవులకు ముందు మాత్రలు ఎన్ని మిగిలాయో లెక్క చూసుకోని ఇంట్లో పండగ పూట ఏం జరుగుతుందో ఊహించుకోవచ్చు. మొదలుపెట్టిన కొత్తలో, మోతాదు పెంచిన రోజుల్లో బండి నడపకూడదు, ఘాట్ రోడ్డు మాట సరేసరి.

మాత్రలు తాళం వేసి ఉంచాలన్నది రోగి ఉన్నంతకాలం ఎలాగో జరుగుతుంది. తర్వాతే మర్చిపోతారు. పెద్దకర్మ అయ్యాక మంచం, బట్టలు ఎవరికో ఇచ్చేస్తారు, మందుల డబ్బా మాత్రం బీరువాలో ఉండిపోతుంది. ఖరీదైన మందు, పారేయడానికి మనసొప్పదు. ఆర్నెల్లకు పక్కింటాయన నడుం పట్టేసిందంటే ఒక మాత్ర తీసిస్తారు. వాడి తీసేసిన ఫెంటానిల్ ప్యాచ్‌లో కూడా ఒక పసిబిడ్డ ఊపిరి ఆపేంత మందు మిగిలి ఉంటుంది కాబట్టి, దాన్ని జిగురు వైపు లోపలికి వచ్చేలా మడవాలి, చెత్తబుట్టలో వేయకూడదు. మిగిలినవి ఇచ్చిన ఆసుపత్రికి తిరిగి ఇచ్చేయడం మంచిది. అది కుదరనప్పుడు ఏం చేయాలో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2025లో మార్గదర్శకాలు ఇచ్చింది. మామూలు మందులను కాలువలో, టాయిలెట్‌లో వేయవద్దని చెబుతూనే, 17 మందులను మాత్రం ఇంట్లో ఉంచడం కన్నా టాయిలెట్‌లో వేసి నీళ్లు వదిలేయడమే నయమంది. ఫెంటానిల్, మార్ఫిన్, ట్రమడాల్, టెపెంటడాల్ ఆ పదిహేడులో ఉన్నాయి.